ఎత్తైన భవనాలు లేచాక లోకల్ ఎఫ్ఎం చీలిపోతోంది. జానపద కార్యక్రమాన్ని శుభ్రంగా రికార్డు చేయడం ఎలా?

శ్రుతిపెట్టె (ప్రశ్న)

నగరం నడిబొడ్డున ఐదో అంతస్తు ఫ్లాట్. లోకల్ స్టేషన్ టవర్ ఇక్కడికి తొమ్మిది కిలోమీటర్లు, 101 మెగాహెర్ట్జ్ దగ్గర వస్తుంది. అదే కార్యక్రమం మీడియం వేవ్‌లోనూ ఇస్తారు. వారానికి రెండు రోజులు తెల్లవారుజామున అరగంట జానపదాలు, సంప్రదాయ వాద్యాలు. మిగతా సమయమంతా సినిమా పాటలు, వేరే ఊరి నుంచి వచ్చే నెట్‌వర్క్ కార్యక్రమాలు. ఈ అరగంటలో వేసే పాటలు డిస్కుల్లో లేవు, వెతికితే నెట్‌లో దొరకవు. ఆ స్లాట్ ఎన్నాళ్లుంటుందో తెలియదు కాబట్టి ప్రతి వారం రికార్డు చేసి దాచాలని ఉద్దేశం.

ఇబ్బందులు ఇవీ. టవర్‌కూ ఫ్లాట్‌కూ మధ్య పక్కగా రెండు అద్దాల భవనాలు లేచాయి. అప్పటి నుంచి ఎఫ్ఎంలో 'స', 'ష' అక్షరాలు చిరిగినట్టు వస్తున్నాయి, సన్నాయి పైస్వరాల్లో మరీ ఎక్కువ. మీడియం వేవ్ పెడితే డయల్ అంతా ఒకటే గుర్రుమనే రొద. స్టేషన్‌కు ఆన్‌లైన్ స్ట్రీమ్ ఉంది, అది సరిపోతుందా? ఇదే కార్యక్రమం పాత రికార్డింగులు క్యాసెట్లలోనూ ఉన్నాయి, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే పద్ధతి కూడా చెప్పగలరు.

తరంగం

ముందు తేడా ఎక్కడో తేల్చుకోండి. ఎఫ్ఎం పాడవడానికి ముఖ్యంగా మూడు కారణాలు, ఒకదానికి చేసే పని ఇంకోదానికి పనికిరాదు.

సిగ్నల్ బలహీనమైతే నిలకడగా 'స్స్' అనే హిస్ వస్తుంది. రేడియోను మోనోకు మార్చగానే అది చాలావరకు పోతుంది. స్టీరియో సమాచారం 23 నుంచి 53 కిలోహెర్ట్జ్ మధ్య, 38 కిలోహెర్ట్జ్ ఉపవాహకం (ప్రసారంలోనే అదనంగా మోసే ఇంకో తరంగం) మీద వస్తుంది. ఎఫ్ఎంలో పౌనఃపున్యం పెరిగేకొద్దీ రొద పెరుగుతుంది కాబట్టి స్టీరియోలో హిస్ మోనోకంటే 20 డెసిబెల్స్‌కు పైనే ఎక్కువ.

రెండోది ఓవర్‌లోడ్. దగ్గర్లో బలమైన టవర్లుంటే ట్యూనర్ ముందు భాగం తట్టుకోలేక లేని చోట కూడా స్టేషన్లను పుట్టిస్తుంది. 95, 99 మెగాహెర్ట్జ్‌లలో రెండు బలమైన స్టేషన్లుంటే 91లోనూ 103లోనూ వాటి కలగాపులగం వినిపిస్తుంది. యాంటెన్నా దారిలో 10 డెసిబెల్స్ అటెన్యుయేటర్ (సిగ్నల్ తగ్గించే ముక్క) పెడితే దొంగ స్టేషన్లు మాయమై అసలు స్టేషన్లు మిగులుతాయి. అలా జరిగితే కారణం ఇదే.

మీది మూడోది, ప్రతిబింబం. టవర్ నుంచి నేరుగా వచ్చే తరంగం ఒకటి, భవనానికి తగిలి చుట్టు తిరిగి వచ్చేది ఇంకొకటి. 300 మీటర్లు ఎక్కువ తిరిగితే ఒక మైక్రోసెకను ఆలస్యం. రెండూ కలిసిన చోట ధ్వని చీలుతుంది. మంద్రంలో బాగానే ఉండి గట్టిగా, పైస్థాయిలో పలికినప్పుడే చిరగడం దీని గుర్తు. యాంటెన్నాను అరమీటరు పక్కకు జరిపితే శబ్దం మారిపోవడం ఇంకో గుర్తు. దీనికి బూస్టర్ పెట్టకండి. మంచి తరంగంతోపాటు చెడ్డదాన్నీ అంతే పెంచుతుంది. కావాల్సింది దిశ.

అందుకు మామూలు డైపోల్ (రెండు చేతుల సూటి యాంటెన్నా) చాలు. మొత్తం పొడవు మీటర్లలో 142.5ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే వస్తుంది. 101కి 1.41 మీటర్లు, అంటే ఒక్కో చేయి 70 సెంటీమీటర్లు. 6 నుంచి 10 మి.మీ. రాగి లేదా అల్యూమినియం గొట్టాలు రెండు తీసుకుని, ప్లాస్టిక్ పైపు ముక్క మీద మధ్యలో 2 సెం.మీ. ఎడం వదిలి బిగించండి. కేబుల్ టీవీకి వాడే 75 ఓమ్‌ల ఆర్‌జి-6 కోయాక్సియల్ తీసుకుని లోపలి తీగ ఒక చేతికి, పైన అల్లిక రెండో చేతికి కలపండి. కలిపిన చోటికి దగ్గర్లోనే కేబుల్‌ను 10 సెం.మీ. వ్యాసంతో ఐదారు చుట్లు చుట్టి టేపు వేయండి. లేకపోతే కేబుల్ అల్లిక కూడా యాంటెన్నాలా పనిచేసి గదిలోని రొదంతా లాక్కొస్తుంది. కేబుల్ కనీసం 70 సెం.మీ. దూరం డైపోల్‌కు లంబంగా వెళ్లాకే కిందికి దిగాలి. అతుకులోకి నీళ్లు పోతే మొదటి వానకే తుప్పు పడుతుంది, అందుకని సిలికాన్ పూయండి.

అసలు కిటుకు తిప్పడంలో ఉంది. అడ్డంగా పెట్టిన డైపోల్ తన రెండు చివరల దిశల్లో దాదాపు చెవిటిది. అందరూ వెడల్పు వైపును టవర్‌కు ఎదురుగా పెట్టి ఊరుకుంటారు. మీరు ఒక చివరను ప్రతిబింబం వచ్చే భవనం వైపు తిప్పండి. నేరుగా వచ్చే సిగ్నల్ కొంత తగ్గుతుంది, తొమ్మిది కిలోమీటర్లకు ఆ తగ్గుదల లెక్కలోది కాదు. ప్రతిబింబం మాత్రం బాగా అణగిపోతుంది. పది పది డిగ్రీలు తిప్పుతూ 'స' ఎక్కువగా పలికే వార్తల సమయంలో వినండి, సంగీతం మీద ఈ తేడా పట్టుకోవడం కష్టం. భవనం టవర్‌కు సరిగ్గా ఎదురు దిశలో, మీ వెనక ఉంటే ఈ పద్ధతి పనిచేయదు. అప్పుడు ఒకే వైపు నుంచి బాగా పట్టే మూడు ఎలిమెంట్ల యాగీ యాంటెన్నా కొనుక్కోవాలి.

కిటికీ ఇనుప గ్రిల్‌కు కనీసం మీటరు దూరం ఉంచండి. వేడి ఆపడానికి లోహపు పూత వేసిన అద్దాలైతే సిగ్నల్‌ను బాగా ఆపేస్తాయి, యాంటెన్నా బయట ఉండాల్సిందే. డాబా మీద కడితే ఎర్తింగ్ తప్పనిసరి, పిడుగుల వానలో కేబుల్ ఊడదీయండి.

గుర్రుపురుగు

మీడియం వేవ్‌ను అప్పుడే వదిలేయకండి. ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ ఆగిన రోజు అదే దిక్కు.

ఆ గుర్రు స్టేషన్‌ది కాదు, చుట్టూ ఉన్న స్విచింగ్ పవర్ సప్లైలది: ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఇన్వర్టర్లు, లిఫ్టు మోటారు డ్రైవ్. వెతికే పద్ధతి తేలిక. బ్యాటరీ రేడియో ఒకటి పెట్టి మెయిన్ ఎంసీబీ దించండి. రొద ఆగితే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కో ఎంసీబీ ఎత్తుతూ, ఆ లైనులో ఒక్కో ప్లగ్ పెడుతూ పోతే దొరుకుతాడు. ఎక్కువసార్లు అది బ్రాండ్ లేని చార్జరో, లోపల ఫిల్టర్ భాగాలు ఎగ్గొట్టిన ఎల్ఈడీ డ్రైవరో అవుతుంది. మార్చడం కుదరకపోతే దాని తీగను ఫెర్రైట్ రింగు చుట్టూ ఏడెనిమిది సార్లు తిప్పండి. ఒక్కసారి దూర్చి వదిలేస్తే ఈ పౌనఃపున్యాల దగ్గర పెద్దగా ఫలితం ఉండదు.

మెయిన్ దించినా రొద ఉంటే అది పక్కింటిదో వీధి దీపానిదో. రేడియోలో మీడియం వేవ్‌ను పట్టే ఫెర్రైట్ కడ్డీ తన చివరల వైపు నుంచి వచ్చేదాన్ని తీసుకోదు. స్టేషన్ బలాన్ని పట్టించుకోకుండా, రొద తగ్గే కోణం దొరికేదాకా రేడియోను గుండ్రంగా తిప్పండి.

ఇంకా కావాలంటే లూప్ యాంటెన్నా కట్టండి. 60 సెం.మీ. భుజం ఉన్న చతురస్రపు చెక్క ఫ్రేము, దాని మీద తీగ 13 చుట్లు, చుట్టుకూ చుట్టుకూ 5 మి.మీ. ఎడం. మూలల దగ్గరా కొసలకూ కలిపి 32 మీటర్ల తీగ పడుతుంది. రెండు కొసల మధ్య పాత రేడియోలో దొరికే 365 పికోఫారడ్ల గ్యాంగ్ కండెన్సర్ (స్టేషన్ మార్చడానికి తిప్పే భాగం) వేస్తే 531 నుంచి 1602 కిలోహెర్ట్జ్ దాకా ట్యూన్ అవుతుంది. చుట్లు దగ్గర దగ్గరగా పేరిస్తే తీగల మధ్య కెపాసిటెన్స్ పెరిగి పై కొస అందదు. రేడియోకు తీగ కలపనక్కర్లేదు. ఫెర్రైట్ కడ్డీ లూప్ తలానికి లంబంగా ఉండేలా పక్కన పెట్టి కండెన్సర్ తిప్పితే స్టేషన్ ఒక్కసారిగా లేస్తుంది. కాంక్రీటులోని ఇనుప వల మీడియం వేవ్‌ను గట్టిగా ఆపుతుంది, కాబట్టి కిటికీ దగ్గరో బాల్కనీలోనో పెట్టండి.

తెల్లవారుజామున ఇంకో సంగతి ఉంది. సూర్యుడు రాకముందు దూరపు స్టేషన్లు కూడా పై వాతావరణం నుంచి వెనక్కి వస్తాయి. అదే పౌనఃపున్యం మీద ఉన్న స్టేషన్ కింద గొణుగుతున్నట్టు వినిపించవచ్చు. తెల్లారాక అదే పోతుంది.

పట్టిక

స్ట్రీమ్ గురించి: దాన్నీ రికార్డు చేయండి, దాన్నే నమ్ముకోకండి. 64 కేబీపీఎస్ లాంటి తక్కువ బిట్‌రేటులో తాళాలు, గజ్జెలు, చిరుతలు నీళ్లలో మోగినట్టు వస్తాయి, ఆ నష్టాన్ని తర్వాత బాగుచేయలేం. నెట్ ఆగితే మధ్యలో ముక్క ఎగిరిపోతుంది. కొన్ని స్టేషన్లు స్ట్రీమ్‌లో వేరే ప్రాంతపు ఫీడ్ ఇస్తాయి, మీకు కావాల్సిన లోకల్ అరగంటే అందులో ఉండకపోవచ్చు. దాచేటప్పుడు వచ్చిన డేటాను వచ్చినట్టే కాపీ చేసే పద్ధతి వాడండి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ ప్రోగ్రాంలో ఆ వీలుంది. ఎంపీ3గా మళ్లీ మార్చితే నష్టం మీద నష్టం. స్ట్రీమ్ గాలిలో వచ్చేదానికంటే పదుల సెకన్లు వెనక నడుస్తుంది, టైమర్‌కు ముందూ వెనకా ఐదేసి నిమిషాలు వదలండి.

ఎఫ్ఎం రికార్డింగుకు ట్యూనర్ లైన్-అవుట్ నుంచి సౌండ్ కార్డు లైన్-ఇన్‌కు కలపండి. ల్యాప్‌టాప్‌లో మైక్ రంధ్రం ఒక్కటే ఉంటే లైన్-ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ తీసుకోండి. మైక్ ఇన్‌పుట్ లైన్ స్థాయిని తట్టుకోలేక పగులుతుంది, పైగా చాలావాటిలో అది మోనో. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ చాలు. ఎఫ్ఎం ఆడియో 15 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి 96కి వెళ్లి డిస్కు నింపుకోనక్కర్లేదు. అరగంట స్టీరియోకు సుమారు 520 ఎంబీ, మోనోకు 260. శిఖరాలు మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉండాలి. అనౌన్సర్ మాట మీద లెవెల్ పెట్టి వదిలేయకండి, డప్పు మొదటి దెబ్బకే మీటరు నెత్తికెక్కుతుంది. ఆటోమేటిక్ గెయిన్, 'శబ్దం మెరుగు' లాంటి ఆప్షన్లన్నీ ఆపేయండి.

హమ్ వస్తే ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. పోయిందంటే గ్రౌండ్ లూప్ (పరికరాల ఎర్త్ దారులు కలిసి చేసే చుట్టు). మధ్యలో ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే సరి.

కంప్యూటర్‌కు తగిలించే డాంగిల్ రిసీవర్‌తో పట్టేవాళ్లు సాఫ్ట్‌వేర్‌లో డీ-ఎంఫసిస్ (ప్రసారంలో పెంచిన పైస్వరాలను తిరిగి తగ్గించే సెట్టింగు) చూసుకోవాలి. అమెరికా ఖండాల్లోనూ దక్షిణ కొరియాలోనూ 75 మైక్రోసెకన్లు, మిగతా ప్రపంచంలో దాదాపు అంతటా 50. 50 పెట్టాల్సిన చోట 75 ఉంటే సన్నాయి మొద్దుబారుతుంది.

శ్రుతిపెట్టె

డైపోల్ కట్టి, చివరను దగ్గరి అద్దాల భవనం వైపు తిప్పాక మాటలు శుభ్రపడ్డాయి. పైస్వరాల్లో మాత్రం అప్పుడప్పుడు చిన్న గరగర మిగిలింది, స్టీరియో లైటు ఆరి వెలుగుతోంది. మోనోలో పెడితే పాటకు అన్యాయం జరుగుతుందా?

తరంగం

ఏమీ జరగదు. పాత జానపద రికార్డింగుల్లో చాలావరకు ఒక్క మైకుతో మోనోలో పట్టినవే, వాటికి స్టీరియోలో అదనంగా వచ్చేది రొద ఒక్కటే. ప్రతిబింబం దెబ్బ ముందు తగిలేది కూడా స్టీరియో ఉపవాహకానికే. ట్యూనర్ మీదున్న మోనో స్విచ్‌నే వాడండి. ఆటోలో వదిలితే పాట మధ్యలో స్టీరియోకు, మోనోకు గెంతుతూ ఉంటుంది, అది చెవికి గరగరకంటే చిరాకు. అప్పటికే స్టీరియోలో పట్టినవి ఉంటే ఎడమ, కుడి సమానంగా కలిపి మోనో చేసుకోండి, దాదాపు అదే ఫలితం. అసలు ఫైలు మాత్రం చెరపొద్దు.

రీలుగది

క్యాసెట్ల సంగతి. ఇక్కడ తొందరపడితే పోయేది తిరిగిరాదు కాబట్టి కాస్త వివరంగా.

మొదట పెట్టె తెరిచి టేపు అంచు చూడండి. తెల్లటి బూజు కనిపిస్తే ప్లేయర్‌లో పెట్టొద్దు. అది హెడ్‌కు అంటుకుని తర్వాతి క్యాసెట్లన్నిటికీ పాకుతుంది. వాటిని వేరే సంచిలో ఉంచి చివరికి చూడండి. టేపును హెడ్‌కు ఒత్తిపట్టే చిన్న ప్రెజర్ ప్యాడ్ ఊడిపోయి ఉండొచ్చు, దానివల్ల శబ్దం వచ్చిపోతూ ఉంటుంది. ఐదు మరలున్న ఖాళీ షెల్ తీసుకుని టేపు చుట్టలు రెండూ అందులోకి మార్చడమే మంచి మార్గం. మరలు లేకుండా అతికించిన షెల్ అయితే అతుకు వెంట బ్లేడుతో జాగ్రత్తగా విప్పాలి.

ప్లే చేసేముందు ఒకసారి చివరిదాకా, మళ్లీ మొదటికి వేగంగా తిప్పండి. ఏళ్ల తరబడి ఒకేలా బిగుసుకున్న చుట్ట సర్దుకుంటుంది. హెడ్, క్యాప్‌స్టన్ (టేపును లాగే లోహపు కడ్డీ) 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. రబ్బరు పించ్ రోలర్‌ను కూడా తుడిచి పూర్తిగా ఆరనివ్వండి.

అందరూ వదిలేసేది అజిమత్, అంటే టేపుకు హెడ్ నిలిచే కోణం. టేపు పట్టిన డెక్ హెడ్, మీ డెక్ హెడ్ ఒకే కోణంలో ఉండవు. వెంట్రుకవాసి తేడా ఉన్నా పైస్వరాలు పోతాయి, ఆ తర్వాత ఈక్వలైజర్‌తో ఎంత లేపినా లేచేది హిస్సే. హెడ్ పక్కన స్ప్రింగుతో ఉన్న మర అజిమత్‌ది. ముందు దాని స్థానాన్ని సన్నటి పెన్నుతో గుర్తు పెట్టుకోండి. రెండు చానళ్లు కలిపి మోనోలో హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటూ, పావు చుట్టు మించకుండా అటూ ఇటూ తిప్పండి. తాళాలు అన్నిటికంటే పదునుగా మోగిన చోట ఆపండి. ప్రతి క్యాసెట్‌కూ ఇది మళ్లీ చేయాలి. రెండు వైపులకూ తేడా ఉంటే ప్రతి వైపుకూ.

డెక్ మీద టేపు రకం స్విచ్ (ఈక్వలైజేషన్) చూసుకోండి: మామూలు టేపుకు 120 మైక్రోసెకన్లు, క్రోమ్‌కు 70. డాల్బీ-బితో (హిస్ తగ్గించే పద్ధతి) పట్టినదానికే డాల్బీ స్విచ్ వేయాలి. రేడియో నుంచి పట్టినవాటిలో చాలావరకు డాల్బీ ఉండదు, అలాంటివాటికి స్విచ్ వేస్తే పాట దుప్పటి కప్పినట్టు ఉంటుంది.

ఇక వేగం. క్యాసెట్ సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. పాత టేప్‌రికార్డర్లు కొంచెం తప్పుగా నడిచేవి, అలా పట్టిన పాట సరైన డెక్‌లో శ్రుతి మారి వినిపిస్తుంది. శ్రుతి ఏదో తెలియని జానపదంలో ఇది చెవితో పట్టలేం. టేపులోనే ఒక సాక్ష్యం ఉంటుంది. పట్టేటప్పుడు కరెంటు హమ్ 50 హెర్ట్జ్ దగ్గర సన్నగా ఎక్కి ఉంటుంది. పాటకూ పాటకూ మధ్య మౌనాన్ని ఆడాసిటీ ప్రోగ్రాంలో స్పెక్ట్రమ్‌గా, పెద్ద విండో పెట్టి చూడండి. గీత 51.5 దగ్గర ఉంటే పాట మూడు శాతం వేగంగా, అంటే సుమారు అర సెమీటోను పైకి నడుస్తోంది. సరిగ్గా 50 దగ్గర ఇంకో గీత ఉంటే అది మీ డెక్‌ది. టేపు ఆపినా కనిపించేదాన్ని లెక్కలోకి తీసుకోకండి. 60 హెర్ట్జ్ కరెంటున్న దేశంలో పట్టిన టేపైతే 60 చూడాలి. సరిచేసింది వేరే ఫైలుగా దాచండి.

హిస్ తీసేసే ఫిల్టర్ల జోలికి మాత్రం వెళ్లకండి. తంబురా జీర, గొంతులో ఊపిరి హిస్‌తోపాటే పోతాయి.

స్లాట్ఆరు

స్టేషన్ లోపలి వైపు నుంచి రెండు విషయాలు.

ఒకటి, గాలిలో విన్నది స్టూడియోలో వేసిన ధ్వని కాదు. ట్రాన్స్‌మిటర్‌కు ముందు ప్రాసెసర్ ఉంటుంది, అది మెల్లని చోట లేపుతుంది, గట్టి చోట నొక్కుతుంది. 50 మైక్రోసెకన్ల ప్రీ-ఎంఫసిస్ (ప్రసారానికి ముందు పైస్వరాలను పెంచడం) 15 కిలోహెర్ట్జ్ దగ్గర 13 డెసిబెల్స్‌కు పైగా పెంచుతుంది. వాహక విచలనం (ప్రసార పౌనఃపున్యం అటూ ఇటూ ఊగే మేర) 75 కిలోహెర్ట్జ్ దాటకూడదు కాబట్టి పైస్వరాలే ముందు నలుగుతాయి. సినిమా పాటకు సరిపోయేలా పెట్టిన సెట్టింగులో డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా వెనక శ్రుతి కుంగి మళ్లీ పైకి లేస్తుంది. రిసీవర్ ఎంత మంచిదైనా ఇది పోదు. అందుకే స్టేషన్ లైబ్రరీలోని అసలు టేపు లేదా ఫైలు విలువ వేరు. మీరు పట్టింది దానికి బదులు కాదు, అది పోతే మిగిలే ప్రతి. స్టేషన్లు మారేటప్పుడు, కొత్త ఆటోమేషన్ వచ్చేటప్పుడు ముందు బలయ్యేది లోకల్ రీళ్లే. సినిమా పాట ఎక్కడైనా దొరుకుతుంది, వీధి గాయకుడి పది నిమిషాలు ఆ ఒక్క రీలులోనే ఉంటాయి. స్టేషన్‌కు రాసేటప్పుడు "జానపదాలు ఎక్కువ వేయండి" అని కాదు, ప్రసారమైన తేదీ, సమయం, పాట మొదటి పంక్తి రాసి ఆ టేపు భద్రంగా ఉందా, డిజిటల్ చేశారా అని అడగండి. లైబ్రరీలో వెతకడానికి పనికొచ్చేవి ఆ వివరాలే.

రెండు, వివరాలు. ఫైలు పేరును ఏడాది-నెల-రోజు క్రమంలో మొదలుపెట్టండి, తర్వాత స్టేషన్, సమయం. పక్కనే ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో గాయకుల పేర్లు, ఊరు, వాద్యాలు, పాట మొదటి పంక్తి, అనౌన్సర్ చెప్పింది చెప్పినట్టు రాయండి. ఎఫ్ఎమ్మా, మీడియం వేవా, స్ట్రీమా, ఏ ట్యూనర్ అనేది కూడా. అందుకే అనౌన్స్‌మెంట్లు కత్తిరించకండి. పాట ఎవరిదో చెప్పే ఆధారం ఆ పదిహేను సెకన్లే, చాలామంది ముందు కోసేదీ అదే. పేరు సరిగా వినబడకపోతే ఊహించి రాయకుండా విన్న శబ్దాన్ని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి.

వేవ్‌ను ఫ్లాక్‌గా మార్చుకుంటే నష్టం లేకుండా సుమారు సగం చోటు ఆదా. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాల్లో, ఒకటి వేరే ఇంట్లో. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో చెప్పే చిన్న గుర్తు) తీసి ఉంచితే ఏళ్ల తర్వాత డిస్కులో ఏది పాడైందో తెలుస్తుంది.

నెట్‌లో పెట్టేముందు ఆగండి. 1961 రోమ్ ఒప్పందం కళాకారులకు, రికార్డింగు నిర్మాతలకు, ప్రసార సంస్థలకు వేర్వేరుగా హక్కులిచ్చింది. దేశాన్ని బట్టి గడువులు, సొంత వినియోగానికి మినహాయింపులు మారతాయి. పాట సంప్రదాయానిదైనా పాడిన గొంతు మీద, ప్రసారం మీద హక్కులు ఉండొచ్చు. స్టేషన్‌కు, పాడినవాళ్ల కుటుంబానికి ఒక ప్రతి ఇచ్చి అనుమతి అడగడం సరైన పద్ధతి. తప్పుగా విన్న పేర్లు సరిదిద్దగలిగేదీ ఆ కుటుంబమే.

శ్రుతిపెట్టె

అర్థమైంది. ఒక్క సందేహం: ఎఫ్ఎం, మీడియం వేవ్ రెండూ ఒకేసారి పట్టడం అవసరమా?

పట్టిక

వీలైతే పట్టండి. ట్యూనర్ మోనోలోనే ఉంది కాబట్టి ఇంటర్‌ఫేస్ ఎడమ చానల్‌కు ఎఫ్ఎం, కుడి చానల్‌కు మీడియం వేవ్ రేడియో కలిపితే ఒకే ఫైలులో రెండూ వస్తాయి, సమయం కూడా కలుస్తుంది. ఎఫ్ఎం తెగిన చోట రెండో చానల్ నుంచి ఆ ముక్క తీసి అతకొచ్చు, ఎక్కడ అతికారో టెక్స్ట్ ఫైలులో రాయండి. మీడియం వేవ్ రేడియోను ల్యాప్‌టాప్‌కు కనీసం రెండు మీటర్ల దూరంలో, బ్యాటరీల మీదే నడపండి.